ముక్కు అరిగిన డాలరు

అయోవా,
అక్టోబరు, మొదటి ఆదివారం.

చిరంజీవి నెల్స్‌కి నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమే. అందరం అంటే మీ తాత, నేను, పిల్లి. నా ఎడమ మోకాలు మాత్రం ఈ జాబితాలో చేరనంటోంది. నువ్వూ, మీ ఓడా, ఆ ఓడ మోస్తున్న ఇనప ఖనిజమూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అక్టోబరులో సుపీరియర్ సరస్సు మీద గాలి ఎలా వీస్తుందో నువ్వు రాయకపోయినా మాకు తెలుసు. టీవీలో చూపిస్తారు. చూపించగానే మీ తాత చానెల్ మార్చేస్తాడు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఉన్ని మేజోళ్ళు ఈ పార్సిల్లోనే ఉన్నాయి. మంచు తోసే బండి అమ్మలేదు. మీ తాత అమ్ముతాననడం వేరు, అమ్మడం వేరు. రూబార్బ్ జామ్ మాత్రం పంపను. గాజు సీసాలని పోస్టువాళ్ళు ఎంత ప్రేమగా చూస్తారో పోయిన ఏడాది నీ చొక్కాలే చెప్పాయి. ఇంటికొచ్చి తిను.

మార్చి నుంచి ఒక్క చుక్క ముట్టలేదని ఉత్తరం చివర, సంతకానికి కాస్త పైన, చీమ తలంత అక్షరాలతో రాశావు. హైస్కూలు పిల్లల లాటిన్ చేతిరాత చదివి చదివి ముసలిదాన్నయ్యాను, అలాంటివి నాకో లెక్క కాదు. ఆ వాక్యం మీ తాతకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. లేచి గరాజులోకి వెళ్ళి చాలాసేపు సుత్తితో దేన్నో కొట్టాడు. తరవాత వెళ్ళి చూస్తే అక్కడ కొట్టవలసిన వస్తువేదీ కనబడలేదు.

ఇక డాలరు సంగతి. మీ ఓడలో రెండో ఇంజనీరుకి నాణేల పిచ్చి ఉందనీ, మీ తాత జేబులో ఉండే వెండి డాలరు గురించి చెబితే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడనీ రాశావు. ఇంకా అరిగి, మీద ముద్రించిన సంవత్సరం చెరిగిపోకముందే దాన్ని నాణేలకి మార్కులు వేసే కంపెనీకి పంపమన్నావు. వాళ్ళు ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇస్తారనీ, అమ్మితే వరండా పైకప్పు బాగుచేయించుకోవచ్చనీ, అమ్మకపోతే ఇంటి గుర్తుగా మిగులుతుందనీ అన్నావు. మంచి సలహాయే. మంచి సలహాలన్నిటిలాగే ఇది కూడా ఇంట్లో నిద్ర లేకుండా చేసింది.

ఆ డాలరు కథ నీకు సగమే తెలుసు. మీ నాన్న బడిలో చేరిన ఏడాది మీ తాత తాగుడు మానాడు. అంతకు ముందు రెండుసార్లు మానాడు, అవి లెక్కలోకి రావు. మూడోసారి చర్చి కింద గదిలో, తాగుడు మానేవాళ్ళు కూడే మంగళవారం మీటింగులో, పాల లారీ నడిపే ఓరిన్ అనే పెద్దాయన ఈ డాలరు ఈయన చేతిలో పెట్టాడు. "దాహం వేసినప్పుడల్లా దీన్ని రుద్దు. చేతికి పని ఉండాలి. జేబులోకి వెళ్ళిన చెయ్యి గ్లాసు దగ్గరికి వెళ్ళదు," అన్నాడట. అప్పుడు దాని మీద స్వేచ్ఛాదేవికి కిరీటం ఉంది, ఎగిరే జుట్టుంది, చక్కని ముక్కుంది. ఇప్పుడు బొటనవేలి కింద నున్నటి గుడ్డులా తయారైంది. నాకు ఆవిడ పక్కన ఉన్న 'ట్రస్ట్', అంటే నమ్మకం, అనే ఇంగ్లీషు మాట ఇష్టం. అందులో యు బదులు రోమన్లలా వి చెక్కారు. పదం మొత్తం పోయింది, ఆ వి మాత్రం వెలుగులో ఇంకా లీలగా కనిపిస్తుంది.

ఒక శనివారం దాన్ని తీసుకుని క్లెటస్ దుకాణానికి వెళ్ళాం. మంగలి షాపు పక్కన, పాత నాణేలూ స్టాంపులూ అమ్ముతాడు, నీకు గుర్తుండే ఉంటాడు. నుదుటి మీద భూతద్దం, చొక్కా మీద డోనట్ పొడి. నాణేన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి, దీపం కింద అటూ ఇటూ వంచి చూసి, మీ తాతని గుసగుసగా అడిగాడు.

"ఆర్విడ్, దీన్ని ఎక్కడ ఉంచుతున్నారు?"

"జేబులో."

"అంటే, చిన్న సంచీలో వేసి..."

"జేబులో. తాళాలతో పాటు."

క్లెటస్ కళ్ళు మూసుకున్నాడు. పక్కవాళ్ళింట్లో చావు కబురు విన్నవాడిలా కాసేపు అలాగే ఉండి, మాకు పాఠం మొదలుపెట్టాడు. నాణేలకి డెబ్బైకి మార్కులట. టంకశాల నుంచి వచ్చింది వచ్చినట్టు మచ్చ లేకుండా ఉంటే డెబ్బై. వాడిన కొద్దీ తగ్గుతుంది. అందరూ డెబ్బై కోసం పోటీ పడతారు కదా, కొందరు మాత్రం తలకిందులుగా ఒకటి మార్కు కోసం పోటీ పడతారట. ప్రతి సంవత్సరానిదీ ఎంత అరిగితే అంత గొప్ప అని వరస పేర్చుకుంటారట. ఈ రకం డాలర్లు జనం ఎక్కువ వాడకుండా బాంకుల్లోనే పడి ఉండేవి కాబట్టి, ఒకటి మార్కు దాకా అరిగినవి దొరకవట.

మార్కుల పక్కన మాటలు కూడా ఉన్నాయి నాయనా. 'గుడ్' అంటే అంచుల దాకా అరిగిపోయిందని అర్థం. 'వెరీ గుడ్' అంటే దానికంటే కాస్త నయం. 'ఫెయిర్' అంటే ఇంకా ఘోరం. అన్నిటికంటే కింద 'పూర్', అది ఒకటి మార్కు.

"మీ వ్యాపారంలో నిజం చెప్పే మాట అదొక్కటే అన్నమాట," అన్నాను.

"అది పద్ధతి, థోరాగారూ. నేను పెట్టింది కాదు."

"నా జీవితంలో చెత్తకి 'గుడ్' అని ఎప్పుడూ వెయ్యలేదు."

"తెలుసండీ," అన్నాడు క్లెటస్. "మా అన్నయ్య మీ దగ్గరే చదివాడు."

పంపడానికీ, మార్కుకీ, తిరిగి రావడానికీ కలిపి డెబ్బై ఎనభై డాలర్లు అవుతుందన్నాడు. ఒకటి మార్కు వస్తే ఆరేడు వందలు ఇచ్చేవాడు తనకి తెలుసునన్నాడు. అయితే సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్క వంకరగీతలా మిగిలింది, అదీ దీపాన్ని పక్కకి వంచితేనే కనబడుతుంది. ఇంకో ఏడాది ఈ జేబులో ఉంటే అది కూడా పోతుంది. సంవత్సరం చదవలేని నాణేనికి అసలు మార్కే ఉండదు. వెండి తూకమే.

"ఇంకో ఇబ్బంది కూడా ఉంది," అని గొంతు సవరించుకున్నాడు. "చేతులు మారి మారి మామూలుగా అరిగినదైతే సరే. ఎవరో కావాలని అరగదీశారని వాళ్ళకి అనుమానం వస్తే, మార్కు వెయ్యకుండా తిప్పి పంపినా పంపుతారు."

"కావాలనే అరగదీశాను," అన్నాడు మీ తాత. "రోజూ. కావాలనే."

మీ తాత ఎందుకు రుద్దుతాడో ఊరందరికీ తెలుసు, క్లెటస్‌కీ తెలుసు. నాణెం ముందు ఉంటే అతనికి మనుషులు గుర్తుండరు, అంతే. "ఇవాళే తీసి ఇచ్చేయండి ఆర్విడ్. లేదా కనీసం తాళాలు వేరే జేబులో వేసుకోండి," అని బతిమాలాడు. మీ తాత ఆలోచిస్తానని చెప్పి, డాలరు తీసి, తాళాల మీదే వేసుకున్నాడు. ఆ చప్పుడుకి క్లెటస్ ఒళ్ళు జలదరించింది.

దారిలో అడిగాను. "ఏమంటావు?"

"పైకప్పు కారుతోంది కదా."

"కారుతోందని తెలుసు. కింద బకెట్లు పెట్టేది నేనే. డాలరు మాట చెప్పు."

"నీ ఇష్టం," అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ 'నీ ఇష్టం' నాకు బాగా తెలుసు. మనసులో ఉన్నది చెప్పను, నువ్వే తవ్వుకో అని దాని అర్థం. తవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. పైకప్పు కాదు నా భయం, ఆరేడు వందలూ కాదు. డాలరు కంపెనీకి వెళితే కొన్ని వారాలు రాదు. వచ్చాక ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది, దాన్ని రుద్దడం కుదరదు. దాహం వేసి చెయ్యి జేబులోకి వెళ్ళి ఖాళీగా బయటికి వస్తే, ఆ తరవాత ఎక్కడికి వెళుతుంది? ఇది నేను ఆయన్ని అడగలేదు. ఇన్నేళ్ళ మాట మీద అనుమానం పడ్డట్టు ఉంటుంది. నిజానికి పడ్డాను.

కాబట్టి నేను చేసిన పని ఇది. నీకు తప్ప ఎవరికీ చెప్పడం లేదు. (చెప్పవలసిన అవసరం లేకుండానే సగం ఊరికి ఎలా తెలిసిందో కింద వస్తుంది.) సోమవారం నేనొక్కదాన్నే క్లెటస్ దగ్గరికి వెళ్ళి, అదే సంవత్సరం డాలరు ఒకటి కొన్నాను. ఆ సంవత్సరానివి కుప్పలు తెప్పలుగా ఉంటాయట, కాబట్టి వెండికి కాస్త పైన ఇచ్చాను. కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. మర్నాడు మీ తాత స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన పాంటు జేబులోంచి పాతది తీసి ఇది పెట్టాను. పాతదాన్ని పియానో బల్ల కింద స్వరాల పుస్తకాల మధ్య దాచాను. ఆ పియానో జోలికి ఆయన ఎలాగూ పోడు.

పరీక్ష పెట్టకుండా ఎవర్నీ పాస్ చేయడం నాకు చేతకాదు, నెల్స్. అసలు డాలరు లేకుండా ఆయన నిలబడితే నిశ్చింతగా కంపెనీకి పంపేద్దాం, లేకపోతే మర్నాడే పాతది జేబులో వేసేద్దాం అనుకున్నాను. ఆయన చూడడు కదా, తడుముతాడు అంతే. డాలరు డాలరే అనుకుంటాడని లెక్కేశాను. లాటిన్ చదువుకున్న బుర్రకి తట్టింది ఇదీ.

వారం పైచిలుకు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను. కాఫీ కప్పు కడిగే ముందు వాసన చూశాను. గరాజులో పెయింటు డబ్బాల వెనక వెతికాను. హార్డువేర్ షాపులో ఒక బోల్టుకి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే తిన్నాడు, కునికాడు, జేబులో చెయ్యి పెట్టుకుని వాతావరణం వార్తలు చూశాడు. మనిషిలో తేడా లేదు. తేడా లేకపోవడం చూస్తే నాకు ఇంకా భయం వేసింది. తాగే రోజుల్లో కూడా ఆయన మొహంలో తేడా కనిపించేది కాదు.

గురువారం మధ్యాహ్నం పోస్టాఫీసుకని వెళ్ళినవాడు కాఫీ వేళకి రాలేదు. నాలుగింటికీ రాలేదు. ఆయన కాఫీ చల్లారిపోయింది, నేను తాగేసి ఇంకోటి పెట్టాను, అదీ చల్లారింది. అప్పుడు కారు తీశాను. చర్చి దగ్గర లేడు. హార్డువేర్ షాపు దగ్గర లేడు. హైవే పక్కన డ్వెయిన్ బారు ముందు ఆయన నీలం ట్రక్కు నిలిపి ఉంది.

నేను కారులో కాసేపు కూర్చున్నాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, వాటిని తీయడం ఎలాగో తెలియలేదు. పియానో బల్ల కింద పెట్టినది వెంటనే గుర్తొచ్చింది. ఆయన్ని ఓరిన్ నిలబెట్టాడు, ఆయన నిలబడ్డాడు, నేను తీసి పడేశాను, అనుకున్నాను. తరవాత దిగి లోపలికి వెళ్ళాను.

డ్వెయిన్ కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. రెండో ఏడు లాటిన్‌లో రెండుసార్లు తప్పినవాడు, ఇప్పుడు ఈ బారుకి యజమాని. నన్ను చూసి చేతిలో తుడిచే గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

"టీచర్‌గారూ! మీరిక్కడా?"

"మా ఆయన ఏడీ?"

డ్వెయిన్ కిందికి చూపించాడు. కౌంటరు వెనక నేల మీద, మోకాళ్ళ మీద వంగి, చొక్కా చేతులు పైకి మడిచి, ఐసు యంత్రంలోకి తల దూర్చి ఉన్నాడు మీ తాత. రిటైరయ్యాక కూడా ఫ్రిజ్జులు పాడైతే ఊరంతా ఆయన్నే పిలుస్తారు కదా.

"ఆయనకి ఏమీ పొయ్యలేదండీ," అన్నాడు డ్వెయిన్. "ఐసు అడిగాడు. అదీ యంత్రంలోంచి రాలేదు, అందుకే కదా పిలిచింది."

"నిన్ను ఎవరు అడిగార్రా?"

"మీ మొహం అడిగిందండీ."

మీ తాత తల బయటికి తీశాడు. నన్ను చూశాడు, గోడ గడియారం చూశాడు, అంతా అర్థమైంది. చేతులు తుడుచుకుని, జేబులోంచి డాలరు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇది నీదనుకుంటా, థోరా."

నేను దాన్ని తీసి నా సంచీలో వేసుకున్నాను.

"దీనికి ముక్కుంది," అన్నాడు. "మొదటి రోజే తెలిసింది. చర్చి మెట్లు ఎక్కుతూ జేబులో చెయ్యి పెట్టాను, ఎవరో అమ్మాయి ముక్కు పట్టుకున్నట్టయింది. హడలిపోయాను."

"తెలిస్తే చెప్పవేం?"

"పరీక్ష జరుగుతుంటే మాట్లాడకూడదని నీ రూలే కదా. మంగళవారం మీటింగులో మావాళ్ళకి చెప్పాను. మా ఆవిడ నా డాలరు కొట్టేసింది, ఏం చేస్తుందో చూద్దామని ఊరుకున్నానని. అందరూ తెగ నవ్వారు. డ్వెయిన్ కూడా."

"డ్వెయిన్ ఆ మీటింగుకి వస్తాడా?"

"రెండేళ్ళయిందండీ," అన్నాడు డ్వెయిన్ గుడ్డని చూస్తూ. "బారు నడిపేవాడు తాగితే లాభం ఎక్కడుంటుంది చెప్పండి."

మీ తాత ట్రక్కుని డ్వెయిన్ దగ్గరే వదిలేసి నా కారులో వచ్చాడు. దారిలో అడిగాను. ఇంక అడగకుండా ఉండలేకపోయాను.

"ఇప్పటికీ దాహం వేస్తుందా?"

ఆయన కిటికీలోంచి కోసేసిన మొక్కజొన్న చేలు చూస్తూ, తొందరపడకుండా చెప్పాడు. "వేస్తుంది. వారానికి ఒకసారి. ఎండాకాలంలో రెండుసార్లు. మొదట్లో గంటకోసారి వేసేది."

"మరి ఎప్పుడు చూసినా రుద్దుతూనే ఉంటావు కదా?"

"అది నువ్వు మాట్లాడుతున్నప్పుడు."

నేను కారు పక్కకి తీసి ఆపాను. నవ్వుతున్నానో ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. అలా నడపడం క్షేమం కాదు.

"నిజం, థోరా. ఆ కిరీటం, జుట్టూ దాహానికి పోయాయి. మిగతాదంతా నువ్వు పేపరు తప్పులు దిద్దుతూ చదివి వినిపించేటప్పుడు పోయింది. ఆ ఆఖరి అంకె కూడా దానికే పోతుంది. కాబట్టి కుర్రాడికి రాయి. మీ నాయనమ్మ బతికున్నంత కాలం ప్లాస్టిక్ పెట్టె కుదరదని."

ఇదీ తీర్పు. డాలరుకి మార్కు వేయించడం లేదు. క్లెటస్‌కి ఫోన్ చేసి చెప్పాను, తాళాలైనా వేరే జేబులో వేయించమన్నాడు. మీ రెండో ఇంజనీరుకి నువ్వే మెల్లగా చెప్పు, పడుకునే ముందు కాకుండా. వరండా పైకప్పుకి మంచు తోసే బండి అమ్ముతున్నాం. ఈసారి నేను అమ్ముతున్నాను కాబట్టి అది అమ్ముడుపోతుంది. ఇంటికి రాగానే పాత డాలరు తీసి ఇచ్చాను. ఆయన బొటనవేలితో ఒక్కసారి తడిమి, జేబులో వేసుకున్నాడు. పాతికేళ్ళ కిందటి ఆర్విడ్ అయితే ఈ వారం రోజుల వ్యవహారానికి నాతో నెలరోజులు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు రాత్రి భోజనంలో రెండోసారి బంగాళాదుంపలు అడిగాడు.

ఒక్క సంగతి మిగిలింది. ముక్కున్న డాలరుని క్లెటస్‌కి తిరిగి ఇచ్చేద్దామని బల్ల మీద పెట్టాను. నీ పార్సిలు కట్టడానికి మేజోళ్ళు మడుస్తుంటే మీ తాత వచ్చి దాన్ని ఒక మేజోడులోకి దూర్చాడు. కుడికాలిదా ఎడమకాలిదా అని అడిగాను, ఉన్ని మేజోళ్ళకి అలాంటివి ఉండవన్నాడు. నీకు ఏం రాయమంటావని అడిగితే, రాయడానికేముంది, వాడికి తెలుస్తుంది అన్నాడు. తరవాత గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, తన బొటనవేలు నాకు చూపించాడు. ఆ వారంలో దాని కొస కందిపోయి, చర్మం కొద్దిగా లేచింది.

"ఇది వాడికి రాయి," అన్నాడు. "మొదట్లో గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటోందని తీసి సొరుగులో పెట్టొద్దని చెప్పు."

కాబట్టి రాస్తున్నాను.

ఇట్లు,
నువ్వు రాసే చిన్న అక్షరాలు కూడా చదివే
మీ నాయనమ్మ
థోరా